అన్న తెస్తానన్న కప్పు

మొన్న పొద్దున మా పెద్దకొడుకు మనుమరాలు వీపున సంచీ వేసుకొని, పక్కన బంతి పెట్టుకొని, గడప మీద కూర్చొని బూట్ల తాళ్లు బిగించుకుంటూ, "తాతమ్మా, పోయొస్త. ఈసారి కప్పు తెచ్చే వస్త, చూడు" అన్నది. ఇంట్లో అందరూ నవ్వుకుంటూ పంపించారు. నేను మాత్రం తాగుతున్న చాయ పక్కన పెట్టి, తెలియకుండానే తల ఎత్తి పైకి చూశాను. పైన ఏముంటుంది, సున్నం వేసిన స్లాబు, దాని నడుమ గిర్రున తిరిగే పంకా. ఆ మాట నేను మొదటిసారి విన్నది ఇంకా లంగా కట్టే ఈడులో, ఇప్పుడు పండ్లన్నీ ఊడిపోయాయి, అయినా కప్పు తెస్తానని ఎవరైనా అంటే నా కళ్లు ఇంకా పైకే పోతాయి, పోయి సిగ్గుపడి కిందికి దిగుతాయి.

ఆ పిల్ల జిల్లా ఆడపిల్లల టీములో ఫుట్‌బాల్ ఆడుతుంది. దానికి బూట్లున్నాయి, మోకాళ్ల దాకా మేజోళ్లున్నాయి, నేర్పడానికి ఒక సారు ఉన్నాడు. అది పోయిన తర్వాత దాని తల్లిని కూర్చోబెట్టుకొని ఇదంతా చెప్పడం మొదలుపెట్టాను. నాకు సంతకం పెట్టడం, బస్సు మీద ఊరి పేరు పోల్చుకోవడం తప్ప అక్షరాలు రావు. నా గొంతు కూడా చిన్ననాటి నుంచీ గరగరే, కోపంగా ఉన్నానని కొత్తవాళ్లు అనుకుంటారు. నేను చెప్పేదాన్ని ఆ తల్లి బడి తెలుగులోకి సర్దుకుంటూ రాస్తున్నది, రాసుకోనీ. మనుషులు అన్న మాటలు మాత్రం వాళ్లు అన్నట్టే పెట్టమన్నాను, వాటిని మారిస్తే మా అవ్వ, అంటే మా అమ్మ, పడిన సిగ్గు మీకు అర్థం కాదు.

మాది సిద్దిపేటలో నేతగాళ్ల వాడ. ఒక్కటే అర్ర, అందులోనే గుంట తవ్వి దిగేసిన మగ్గం, మగ్గం పక్కన పొయ్యి, పొయ్యి పక్కన మా పడక. గుంటమగ్గం ఎరిగిన నా ఈడువాళ్లకు చెప్పనక్కరలేదు, నేసేవాడు అంచున కూర్చొని కాళ్లు గుంటలోకి వదిలి, కింద ఉన్న కట్టెలను వేళ్లతో తొక్కుతుంటే పైన దారాలు నోరు తెరుస్తాయి. చేతుల పని అందరూ చూస్తారు, కాళ్ల పని ఎవరికీ కనపడదు. నన్ను కన్న బాపు కాళ్లు అట్లా ఉండేవి, చీకట్లో కూడా ఏ కట్టె ఎక్కడున్నదో వేళ్లకు తెలిసేది. మా అన్నకు ఆ కాళ్లే వచ్చాయి. కానీ అన్న మగ్గం ఎక్కే ఈడుకు ఎక్కడో సముద్రాల అవతల పెద్ద లడాయి మొదలై, దాని దెబ్బ వచ్చి మా గుంటలో పడింది. నూలు దొరకకుండా పోయింది. వారానికి ఇంత అని పంచేవారు, ఆ ఇంతతో బాపు ఒక్కని చేతులకే పని చాలేది కాదు. పని లేని అన్న కాళ్లు కచేరీ వెనుక బయలుకు పోవడం నేర్చుకున్నాయి.

ఆ బయలులో బంతి పెట్టినవాడు తహసీలు కచేరీకి బదిలీ మీద వచ్చిన ఒక సాహెబు. చిన్నప్పుడు పట్నంలో ఆడినవాడట, పొట్ట వచ్చినా కాళ్లకు ఆశ పోలేదు. లోపల రబ్బరు తిత్తి, పైన తోలు, దానికి నోటితో గాలి ఊది మూతి కట్టి తాడుతో కుట్టేవారు. మొదట్లో ఆడింది ఎవరంటే కచేరీ బంట్రోతులు, పోలీసు జవాన్లు ఇద్దరు ముగ్గురు, బడి పిల్లలు కొందరు, కల్లుగీసే వాళ్ల పిల్లగాడొకడు, మా అన్న, మా మేనత్త కొడుకు. ఈ మేనత్త కొడుకునే నేను తర్వాత చేసుకున్నాను, కాబట్టి ఇప్పటి నుంచే మా బావ అంటాను. బావ పొడుగు మనిషి, పరుగెత్తడానికి బద్ధకం, అందుకని అతన్ని గోలు కాయడానికి నిలబెట్టారు.

టీము అనేది ఒక్కరోజులో పుట్టేది కాదని అప్పుడే చూశాను. కొన్నాళ్లు ఉత్తగా తన్నుకున్నారు. తర్వాత నేల మీద సున్నంతో గీతలు వచ్చాయి. గీతలు వచ్చాక, గీత దాటితే తప్పు అనే మాట వచ్చింది. మా వాడవాళ్లే నేసిన గుడ్డతో ఒకే రంగు బనీన్లు వచ్చాయి. అన్నిటికంటే ఆఖరున, సాహెబు అడవుల శాఖ జంగలాతు వాళ్లను అడిగి తెప్పించిన టేకు కట్టెలు వచ్చాయి, ఇటు మూడు, అటు మూడు, రెండు నిలువు ఒకటి అడ్డం, వాటికి తెల్లటి సున్నం పట్టెలు. ఆ కట్టెలు పాతిన రోజే ఆ బయలుకు గ్రౌండు అని పేరు వచ్చింది. అంతకుముందు దానిని పెంట బయలు అనేవాళ్లం.

మా ఇంట్లో మాత్రం ఈ ఆట మొదటి నుంచీ తలవంపుల వ్యవహారమే. ఆడేటప్పుడు నిక్కరు వేసుకోవాలి కదా. పెండ్లీడుకు వచ్చిన పిల్లగాడు తొడలు బయటపెట్టి నలుగురిలో ఉరుకుతున్నాడని కులపెద్దలు బాపును పిలిచి అడిగారు. బాపు తల వంచుకొని వచ్చాడు. అవ్వ అన్నను ఇంట్లోంచి ధోవతితో పంపేది, అన్న గ్రౌండు పక్కన చెట్టుకు ధోవతి తగిలించి ఆడి, మళ్లీ కట్టుకొని వచ్చేవాడు. ఆ ధోవతికి కావలి నేను.

బావ ఒకనాడు బాపు పక్కన కూర్చొని ఈ ఆట ఎక్కడిదాకా పోతుందో విడమరిచి చెప్పాడు. మా టీము చుట్టుపట్ల తాలూకాల టీములతో ఒకరి తర్వాత ఒకరితో ఆడాలి, దానిని లీగు అంటారు. అందులో ఎక్కువ గెలిచినవాళ్లు జిల్లా ఆటలకు పోతారు. జిల్లాలో మంచిగా ఆడినవాళ్లను పట్నంలోని దఫ్తర్ల టీములు ఏరుకొని, నౌకరీ ఇచ్చి మరీ ఆడిస్తాయి.

"పట్నంల ఆడినోళ్లను దేశం టీముల ఏస్తరు మామా, నిచ్చెన లెక్క" అన్నాడు బావ.

"ఏ దేశంరా? నిజాం సర్కారుదా, ఇంగ్రేజోళ్లదా?" అని అడిగాడు బాపు, నిజంగానే తెలియక.

"గది వాళ్లు వాళ్లు తేల్చుకుంటరు మామా, మనకైతే బంతి తన్నుడొక్కటే పని."

బాపు నవ్వాడు. నూలు కొరత వచ్చిన తర్వాత బాపు నవ్వడం నేను చూసింది అదొక్కటే.

ఇక కప్పు సంగతి. మా ఇంటి మీద తాటికమ్మల కప్పు, అది కప్పి ఎన్ని వానలు దాటాయో ఎవరికీ గుర్తులేదు. వాసాలకు చెదలు పట్టి, వేలితో నొక్కితే పిండి రాలేది. కిందటి ఏడు వానకు మగ్గం గుంటలో నీళ్లు నిలబడి బాపు మోకాళ్ల దాకా తడుస్తూ నేశాడు. గుంటలో ఇంకొకసారి నీళ్లు నిలిస్తే గోడ విరిగి మగ్గం కూలుతుంది, మగ్గం కూలితే మేము లేము. అందుకని అవ్వ ఏడాది పొడుగునా లేస్తే కప్పు, కూర్చుంటే కప్పు. ఈ కాలం పిల్లలకు కప్పు అంటే చాయ తాగేదో, ఆటలో గెలిచేదో. మాకు కప్పు అంటే తల మీద ఉండేది, అంతే. ఇంకొక కప్పు ఉంటుందని మా అవ్వకు చెప్పినవాళ్లు లేరు. చాయ కూడా మేము గిలాసలో తాగేవాళ్లం, అదీ ఎవరైనా పోస్తే.

ఆ ఏడు మా టీము లీగు గెలిచింది. రోహిణి ఎండల్లో మెదక్‌లో జిల్లా ఆటలు. పొద్దుగాల బొగ్గుతో నడిచే బస్సు ఎక్కడానికి అన్న మూట కట్టుకుంటుంటే అవ్వ పొయ్యి కాడి నుంచి లేచి వచ్చింది.

"ఆటలేనార నీకు? మిరుగం వస్తుంది. కప్పు సంగతేందిర?"

అన్న తలనిండా ఆటే ఉన్నది. అవ్వ కూడా చివరికి తన ఆట గురించి అడిగిందని మురిసిపోయాడు.

"కప్పు మనదేనే అవ్వా! తెచ్చే వస్త, రాసిపెట్టుకో."

"తెస్తవా? ఎవలిస్తరుర?"

"సర్కారే ఇస్తది."

"ఊకెనే?"

"ఊకె ఎందుకిస్తది, గెలిస్తే ఇస్తది. తెల్లగ మెరుస్తదటనే, చూసినోళ్లు చెప్పిన్రు. నలుగురం భుజాల మీద మోసుకొచ్చుడే!"

తెల్లగా మెరిసేది, నలుగురు మోసేది, సర్కారు ఇచ్చేది. అవ్వ లెక్క వేసుకున్నది, అది రేకుల కప్పు. ఊళ్లో పత్తి మిల్లుకు తప్ప ఎవరికీ లేని రేకుల కప్పు, లడాయి మూలంగా బజారులో ఎవరూ కొనలేని రేకులు, ఇస్తే సర్కారే ఇవ్వాలి. ఇందులో తప్పు ఎక్కడున్నదో మీరు చెప్పండి. నేనూ అట్లాగే అనుకున్నాను, బాపు కూడా. సర్కారు ఎవరికీ వట్టిగా ఇవ్వదని ముందు గొణిగాడు గానీ, గెలిస్తేనే ఇస్తుందన్న మాట ఆయనకు న్యాయంగా తోచింది.

ఆ తర్వాతి రోజుల్లో నేను వాడ వాడంతా మా అన్న కప్పు తెస్తున్నాడని చెప్పుకొని తిరిగాను. బజారులో చదువుకున్నవాళ్లు కూడా అవునవును, తెస్తాడు, మీ అన్న గట్టివాడు అన్నారు. వాళ్ల మాట వాళ్లది, నా మాట నాది, ఒకే మాట కాబట్టి ఎవరూ ఎవరినీ సరిదిద్దలేదు. చివరికి ఒకనాడు మధ్యాహ్నం బస్సు దిగిన ఒకాయన, మనవాళ్లు కప్పు కొట్టారు, రేపు తెస్తున్నారు అని కేకలేసుకుంటూ పోయాడు. నేను ఉరికి వచ్చి చెప్పాను. అవ్వ కొంగు నడుముకు చెక్కింది.

పాత కప్పు దించేశారు. బాపు, పక్కింటివాళ్లు కలిసి పొద్దుగూకేలోపు కమ్మలన్నీ పీకి కిందికి తోశారు, నేను ఎత్తి వాకిట్లో కుప్ప వేశాను. కొత్త కప్పు వచ్చేసరికి ఇల్లు తయారుగా ఉండాలి కదా, మోసుకొచ్చినవాళ్లను వాకిట్లో నిలబెట్టి పాతది దించుతామా, మర్యాద కాదు. తెల్లారి అవ్వ ఆ చెదలు పట్టిన వాసాలనే కొట్టించి, వాటితోనే పొయ్యి పెట్టి, కప్పు మోసుకొచ్చే పిల్లల కోసం ఇరుగుపొరుగు దగ్గర చేబదులు తెచ్చిన బియ్యంతో పెద్ద గుండిగ నిండా అన్నం వండింది. పాత కప్పు కాలి కొత్త కప్పుకు విందు అయింది. అది నాకు ఎప్పుడు తలుచుకున్నా గుండెలో ముల్లు తిరిగినట్టుంటుంది, ఎందుకంటే ఆ రోజు అవ్వ ఎంత సంతోషంగా ఉన్నదో నేను చూశాను. తలకు నూనె పెట్టుకున్నది. బాపు గోడ ఎక్కి, రేకులు అందుకోవడానికి తాడు పట్టుకొని కూర్చున్నాడు.

డప్పులు వినిపించాయి. అన్న బావ భుజాల మీద ఉన్నాడు, మెడలో పూలు, వెనుక టీము, వాళ్ల వెనుక సాహెబు, ఆ వెనుక సగం ఊరు. గెలిచిన కప్పు ముందు అవ్వకు చూపిద్దామని అన్నే వాళ్లను మా వాడకు తిప్పుకొని వచ్చాడట. అవ్వ హారతి పళ్లెం పట్టుకొని ఎదురుపోయింది. అన్నకు బొట్టు పెట్టింది. తర్వాత ఊరేగింపు కొస దాకా మెడ సాచి చూసింది.

"ఏదిర కొడుకా కప్పు? బండిల వస్తుందా?"

"గిదేనే అవ్వా!" అని అన్న చేతిలోది ఆమె చేతిలో పెట్టాడు.

అవ్వ దానిని అటు తిప్పింది, ఇటు తిప్పింది. రెండు చెవులున్న చెంబు లాంటిది. తెల్లగా మెరుస్తున్నది, నిజమే.

"గిది మంచిగున్నది గని..." అని గొంతు తగ్గించింది, తన కొడుకును తప్పుపట్టినట్టు ఉండకూడదని. "ఇంటి మీదిది ఏదిర?"

ఒక్క గడియ ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఎవరో తలలెత్తి మొండిగోడలు చూశారు, గోడ మీద తాడు పట్టుకొని కూర్చున్న బాపును చూశారు. నవ్వు ఒక మూల నుంచి మొదలై వాడంతా పాకింది. డప్పు కొట్టేవాళ్లు డప్పులు ఆపి నవ్వారు. "ఓ అవ్వా, బోర్లిచ్చి నెత్తి మీద పెట్టుకో, నీ ఒక్కదానికైతే సాలుతది!" అన్నాడు ఒకడు. "వాన పడితే గిండ్ల పట్టుకో!" అని ఇంకొకడు. సాహెబు రుమాలుతో కళ్లు తుడుచుకుంటూ, "వాహ్ అమ్మా, వాహ్" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, నవ్వు ఆగలేదు. మా అన్న కూడా నవ్వాడు. బావ భుజాల మీద ఎత్తున ఉన్నవాడు కదా, నవ్వుతూ నవ్వుతూ గోడల మీదుగా లోపలికి చూశాడు, మగ్గం మీద ఎండ పడుతుండటం చూశాడు. ఆ నవ్వు సగంలోనే ఆగి, మూతి మీద అట్లాగే ఉండిపోయింది.

అవ్వ ఆ చెంబును జాగ్రత్తగా, పసిపిల్లను ఇచ్చినట్టు, అన్నకు తిరిగి ఇచ్చింది. ముఖం దాచుకోవడానికి ఇంట్లోకి పోయింది. ఇంట్లోకి పోతే ఏమున్నది, ఆకాశం. సిగ్గుపడ్డ మనిషి లోపలికి పోతుంది, మాకు లోపల అనేదే లేకుండా పోయింది. మొండిగోడల నడుమ మగ్గానికి ఆనుకొని నిలబడింది, గోడలు ఎక్కి చూసినవాళ్లందరికీ కనపడుతూ. కొంతసేపటికి ఆమే బయటికి వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా, "అండిన కదా, తిని పోన్రి" అన్నది. తిన్నారు. అంతమంది తింటున్నా ఒక్క మాట వినపడని భోజనాల బంతిని మళ్లీ నేను ఎరుగను. తినడం అయిన తర్వాత సాహెబు ఆ కప్పును కచేరీ బీరువాలో పెట్టడానికి తీసుకుపోయాడు. మాది అనుకున్నది చూడటానికి కూడా మాకు మిగలలేదు.

మిరుగం వాన ఆ ఏడు ముందే వచ్చింది. తెల్లారి మబ్బు పట్టి చినుకులు మొదలయ్యాయి. బాపు ఇంట్లో ఉన్న గుడ్డలన్నీ మగ్గం మీద కప్పి, వాటి మీద తాను వంగి నిలబడ్డాడు. అన్న కమ్మల కోసం తాళ్ల వనానికి ఉరికాడు, కల్లుగీసే వాళ్ల పిల్లగాడు చెట్లెక్కి కోసి ఇచ్చాడు. కమ్మలు దొరికాయి గానీ వాటిని నిలబెట్టడానికి వాసాలు లేవు, వాటిని వండుకొని తిన్నాం కదా. అప్పుడు బావ గ్రౌండుకు పోయాడు. నేను వెంట పోయాను. పోగానే గోలు కట్టెను గట్టిగా పట్టుకొని ఊపడం మొదలుపెట్టాడు, తడిసిన నేల కదా, వదులైంది. అన్న ఎదురుగా ఉరికి వచ్చి ఆ కట్టెను రెండు చేతులతో కావలించుకున్నాడు.

"వద్దు బావా! పట్నపాయన వస్తుండు. నా ఆట చూస్తనన్నడు."

అది అప్పటిదాకా మాకు తెలియదు. మెదక్‌లో పట్నం దఫ్తరు టీముకు మనుషులను ఏరే ఒకాయన అన్నను చూశాడట, సాహెబు ఆయనను సిద్దిపేటకు పిలిచాడట, ఇంకొక్కసారి ఆడించి చూసి నచ్చితే వెంట తీసుకుపోతానన్నాడట. నిచ్చెనలో తర్వాతి మెట్టు. ఇంటికి వచ్చి ఆ మాట కూడా చెబుదామనే అన్న ఊరేగింపు తెచ్చాడు. చెప్పే సందు ఎక్కడ దొరికింది.

"గోలు కాసుడు నా పని," అన్నాడు బావ. "గీడ గోలు ఎవడు కొడుతుండు? మీ ఇంట్ల చూడు, వాన గోలు మీద గోలు కొడుతుంది. ఇడువు."

అన్న విడువలేదు. బావ కూడా లాగలేదు. వానలో ఇద్దరూ అట్లా నిలబడ్డారు. మిగిలిన టీము పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ నిలబడ్డారు, నిన్న నవ్విన ముఖాలు. చివరికి అన్న నా వైపు చూశాడు. నా లంగా తడిసి కాళ్లకు చుట్టుకొని ఉన్నది, పండ్లు టకటక కొట్టుకుంటున్నాయి. ఆయన చేతులు తీశాడు.

రెండు వైపుల కట్టెలూ పీకి, నలుగురేసి భుజాల మీద పెట్టుకొని మోసుకొచ్చారు. అన్న అన్న మాట ఆ విధంగా నిజమైంది. నిలువు కట్టెలు వాసాలయ్యాయి, అడ్డకట్టెలు దూలాలయ్యాయి, పొద్దుగూకేసరికి ఇంటి మీద తాటికమ్మల కప్పు నిలిచింది. మగ్గం దక్కింది. అవ్వ వాళ్లెవరినీ దీవించలేదు, నోరు తెరిస్తే ఏడుపు వస్తుందని కాబోలు. ఆ రోజు నుంచి ఆమె చచ్చిపోయేదాకా కప్పు అనే మాట మళ్లీ అనలేదు. ఇంటి మీదిది చెప్పవలసి వస్తే "పైది" అనేది.

పట్నం ఆయన చెప్పినట్టే వచ్చాడు. సాహెబు ఆయనను వెంటబెట్టుకొని గ్రౌండుకు పోతే, గోలు ఉండవలసిన చోట నీళ్లు నిండిన గుంతలున్నాయి. తెచ్చిన అతిథి ముందర ఆయన ముఖం ఎట్లా అయి ఉంటుందో తలుచుకుంటే ఆయన కోసం కూడా నాకు సిగ్గు వేస్తుంది. ఎవరు తీశారని అడిగితే బావ నోరు తెరవబోయాడు, అంతకుముందే అన్న "నేనే తీసిన" అన్నాడు. సర్కారు టేకు అది, జైలుకు పంపినా పంపవచ్చు. సాహెబు నేరుగా మా ఇంటికి వచ్చాడు. గుమ్మంలో నిలబడి తల ఎత్తి చూశాడు. కమ్మల కింద సున్నం పట్టెలు తెల్లగా కనపడుతున్నాయి, దాచుదామన్నా దాగేవి కావు. అవ్వ మగ్గం పక్కన నిలబడి ఉన్నది, చేతులు జోడించింది.

ఆయన చాలాసేపు పైకే చూశాడు. "ఉంచుకో అమ్మా," అన్నాడు. "నీ కప్పు నీకు దొరికింది. మాది పోయింది."

తిట్టి ఉంటే బాగుండేది. కొట్టించి ఉంటే ఇంకా బాగుండేది, లెక్క తీరిపోయేది. ఉంచుకోమన్న మాట మా నెత్తి మీద ఆ కట్టెలకంటే బరువుగా కూర్చున్నది. పట్నం నుంచి వచ్చిన ఆయనతో సాహెబు ఇక్కడ టీము లేదు అని చెప్పి బస్సు ఎక్కించి పంపాడట. బంతి కచేరీకి పోయింది. కొన్నాళ్లకు సాహెబుకు బదిలీ అయింది, తర్వాత రజాకార్ల గడబిడ, ఆ బయలులో నలుగురు గుమికూడటానికే జనం భయపడ్డారు, గడ్డి మొలిచి మళ్లీ పెంట బయలైంది. ఎట్లాగైనా పోయేదే కదా, మన కట్టెల వల్లనే పోయిందా అని తర్వాత ఎంతమంది అన్నా నా మనసు ఒప్పలేదు. టీము పుట్టడం నేను మొదటి నుంచి చూసినదాన్ని. గీతలు వాన వస్తే పోతాయి, బనీన్లు చినుగుతాయి, మనుషులు బదిలీ అవుతారు, నేలలో పాతుకొని నిలబడేవి ఆ కట్టెలే. ఎంత పెద్ద దేశం టీము అయినా ఎక్కడో ఒక పెంట బయలులో రెండు కట్టెలు పాతడం దగ్గరే మొదలవుతుంది. మేము ఆ రెండూ పీకి నెత్తి మీద పెట్టుకున్నాం.

మా బావ మాత్రం ఎన్నడూ సిగ్గుపడలేదు. మా పెండ్లి అయి, అవ్వా బాపూ పోయి, మేము ఆ ఇంట్లోనే ఉన్న రోజుల్లో వెల్లకిల పడుకొని దూలం వైపు చూస్తూ, "ఎంత వాన పడ్డా ఒక్క గోలు పోనియ్యలే చూడు" అనేవాడు. ఒకసారి చాయ హోటలు దగ్గర విని వచ్చి చెప్పాడు, మన దేశం టీము సముద్రాలు దాటిపోయి ఆడిందట, ఎక్కువమంది కాళ్లకు బూట్లు కూడా లేవట. ఇంకొన్నేండ్లకు పట్నం పిల్లలు ఎందరో దేశం టీములో ఆడుతున్నారని చెప్పుకున్నారు. విన్న ప్రతిసారీ నేను లేచి ఏదో పని కల్పించుకొని బయటికి పోయేదాన్ని. ఉత్తకాళ్లతో ఆడేవాళ్లనే తీసుకునే రోజులు అవి, మా అన్న కాళ్లు భివండిలో పవర్‌లూముల మధ్య నిలబడి నిలబడి వాచిపోతున్నాయి.

అన్న పండుగలకు వచ్చేవాడు. బాగానే మాట్లాడేవాడు, నా పిల్లలకు మిఠాయి తెచ్చేవాడు. ఇంట్లో ఉన్నంతసేపూ తల పైకెత్తేవాడు కాదు. కంచం వైపు చూసుకుంటూ తిని, నేల వైపు చూసుకుంటూ వినేవాడు. పిల్లలు మామకు మెడ నొప్పి అనుకునేవారు. వాడలో మమ్మల్ని కప్పోళ్లు అని పిలిచేవారు, ఆ పేరు నా పెండ్లిలో కూడా ఎవరో అన్నారు, అన్న విని అక్కడి నుంచి లేచిపోయాడు.

పిల్లలు పెద్దవాళ్లయి ఇల్లు విప్పి స్లాబు పోయించినప్పుడు ఆ కట్టెలు దిగాయి. ఇంత కాలమైనా టేకు టేకే. వడ్రంగం పని చేసే వడ్లాయన చెక్కి చూసి, ఇంత మంచి కర్ర పొయ్యిలో పెట్టవద్దని ద్వారబంధం చేశాడు, రెండు నిలువు, ఒకటి అడ్డం. తాను ఏం చేశాడో వడ్లాయనకు తెలియదు. బావ అది బిగించిన రోజు చూసి కడుపుబ్బ నవ్వాడు, తర్వాత కాళ్లు పనిచేయని ఆఖరు ఏండ్లలో ఎప్పుడూ ఆ గడప మీదే కూర్చునేవాడు, వచ్చే పోయే పిల్లలను చేయి అడ్డంపెట్టి ఆపేవాడు. అన్న ఆఖరుసారి వచ్చినప్పుడు ఆ ద్వారం ఎత్తుగానే ఉన్నది, ఆయన ముసలితనంతో పొట్టి కూడా అయ్యాడు, అయినా వంగి లోపలికి వచ్చాడు. తగలదులే మామా అన్నారు పిల్లలు.

ఇప్పుడు మా ఊళ్లో పిల్లలకు గడ్డి గ్రౌండు ఉన్నది, ఇనుప గోలు స్తంభాలు ఉన్నాయి, వాటిని ఎవరూ పీకలేరు, పీకవలసిన అవసరమూ రాదు. ఏ ఆడపిల్లా ధోవతికి కావలి ఉండనక్కరలేదు, తానే నిక్కరు వేసుకొని నడిబజారులో నడిచిపోతుంది, కులపెద్దలే చప్పట్లు కొడతారు. తల మీద ఉండేదాన్ని అందరూ స్లాబు అంటారు. కప్పు అంటే చాయదీ ఆటదీ మాత్రమే మిగిలింది, ఏ తల్లీ ఇక మా అవ్వ అడిగినట్టు అడగదు, అడిగినా నవ్వడానికి ఆ మాటలో రెండో అర్థమే లేదు. అవ్వను నవ్వుల పాలు చేసిన మాట అట్లా నెమ్మదిగా ఇంటి నుంచి వెళ్లిపోయింది. సంతోషించాలి కదా. కానీ ఇంటి మీదిదాన్ని ఎవరైనా కప్పు అంటే బాగుండునని కూడా ఒక్కోసారి అనిపిస్తుంది.

మొన్న ఆ పిల్ల బూట్లు కట్టుకొని, బంతి చంకలో పెట్టుకొని లేచి, తల ఎత్తుకొని ఆ రెండు కట్టెల నడుమ నుంచి ఎగురుకుంటూ బయటికి పోయింది. దానికి అవి వట్టి ద్వారబంధం. నేను వాకిట్లోకి పోవడానికి గోడ పట్టుకొని లేచి దాని వెనుకే నడిచాను. ఆ ద్వారం దాటేటప్పుడు నా తల వంగుతుంది. నడుము వంగిపోయిందని అనుకుంటారు పిల్లలు.